మూడు నిమిషాల పదిహేను సెకన్లు

ఈ మధ్య ఎవరైనా మా కొట్టుకు వచ్చి, వరుసగా నిలబెట్టిన కంప్రెసర్లలో ఒకదాని మీద చెయ్యి వేసి "ఇది ఎంత గాలి ఇస్తది?" అని అడిగితే నేను దాని మీద అంకెలు కొట్టిన పలక వైపు చూడను. టాంకీలో ఉన్న గాలి మొత్తం వదిలేస్తాను. బయటికి పోయే దారి బిగిస్తాను. గడియారం అడిగినవాడి చేతికే ఇచ్చి స్విచ్ వేస్తాను. టాంకీ మీది ఒత్తిడి ముల్లు ఏడు మీదికి వచ్చేదాకా ఇద్దరం నిలబడి చూస్తాం. మా సేటుకు ఇది గిట్టదు. "బేరం జేసుడు ఇడిసిపెట్టి గీ పరీక్షలేందిరా" అని గల్లా దగ్గర కూర్చుని గొణుగుతాడు.

కొనేవాళ్లు మాత్రం మెచ్చుకుంటారు. పోయిన ఎండాకాలం ఒక పెద్దాయన నా భుజం తట్టి, "గిసొంటి ఇమాందారు మనిషి జగిత్యాలల ఉన్నడని నాకు తెల్వకపాయె" అన్నాడు. నాకు ఆయన మీద ఒళ్లు మండింది. పాపం, ఆయన తప్పేమీ లేదు. ఆ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేశాను. నా ముఖానికి నిజాయితీపరుడనే ఆ మాట ఒకటి తక్కువైంది అనుకున్నాను. ఎందుకు అంత బాధపడ్డానో చెప్పాలంటే కోరుట్లలో ఒక రేకుల షెడ్డు దగ్గరికి పోవాలి. దానికంటే ముందు, నేను చాలా ఏళ్లు దాచుకున్న ఊరి పేరు చెప్పాలి.

మాది సిరిసిల్ల. ఇంత చిన్న మాట జగిత్యాలలో నా నోట రావడానికి ఏళ్లు పట్టింది. ఎవరడిగినా "కరీంనగర్ దిక్కు" అని తప్పించుకునేవాణ్ణి. మా నాన్న సాంచాలు నడిపేవాడు. మరమగ్గాన్ని మా ఊళ్లో సాంచా అంటారు. నాన్న షెడ్డు నుంచి బయటికి వచ్చేటప్పుడు జుట్టు మీద, కనుబొమల మీద, చెవుల మీది వెంట్రుకల మీద కూడా నూలు నుసి పట్టి ఉండేది. పాలిటెక్నిక్‌లో చేరాక, తల కడుక్కోకుండా నాతో బజారుకు రావద్దని ఆయనకు చెప్పాను. ఆ తర్వాత నాతో ఎక్కడికైనా రావాల్సి వస్తే ముందుగా కుళాయి దగ్గరికి పోయేవాడు. ఇది కూడా నా సిగ్గుల్లో ఒకటి. కానీ ఈ కథ దాని గురించి కాదు.

సాంచాల మధ్య పుట్టి పెరిగిన వాళ్లకు కాలం దెబ్బల్లో తెలుస్తుంది. మా గల్లీలో నడిచిన సాంచాలు నిమిషానికి నూట ఇరవై దెబ్బలు కొట్టేవి. సెకనుకు రెండు. ఆ చప్పుడులోనే నిద్రపోయేవాళ్లం. కరెంటు పోయి చప్పుడు ఆగితే ఉలిక్కిపడి లేచేవాళ్లం. మా అమ్మ నన్ను ఉప్పుకు పంపితే "ఐదు నిమిషాల్లో రా" అనేది కాదు, "ఆరు వందల దెబ్బలల్ల రావాలె" అనేది. నేను నోట్లో లెక్కపెట్టుకుంటూ ఉరికేవాణ్ణి. బళ్లో బెంచీ మీద కూర్చుంటే కుడికాలి మడమ దానంతట అదే ఆడేది. లెక్కల సారు ఒకసారి మోకాలి మీద బెత్తంతో కొట్టి "ఇది సాంచా కాదు, బడి" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ రోజే కాలును అదుపులో పెట్టుకోవడం నేర్చుకున్నాను. నేర్చుకున్నానని అనుకున్నాను.

డిప్లొమా పూర్తయ్యాక జగిత్యాలలో మోటార్లు, పంపులు, కంప్రెసర్లు అమ్మే ఈ కొట్టులో చేరాను. చొక్కా టక్ చేసుకుని, జేబులో రెండు పెన్నులు పెట్టుకుని నిలబడేవాణ్ణి. రైతులు, మెకానిక్కులు నన్ను సార్ అనేవాళ్లు. ఆ పిలుపు మీద నాకు ఎంత ఆశ ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే నాకే అసహ్యమేస్తుంది.

అతను వచ్చింది ఒక ఉదయం. నలభై దాటిన మనిషి, కోరుట్ల వాడు. పద్నాలుగేళ్లు గల్ఫ్‌లో ఉన్నాడు. అక్కడ అతని పని, పెద్ద పెద్ద ఇనుప టాంకుల మీది తుప్పును గాలితో కొట్టి తీసేయడం. సన్నటి ఇనుప రవ్వను గాలితో కలిపి గన్నులోంచి ఊదితే తుప్పు, పాత రంగు రాలిపోయి లోపలి ఇనుము తెల్లగా బయటపడుతుంది. ఆ పనినే కోరుట్లలో పెట్టుకుందామని వచ్చేశాడు. చుట్టుపక్కల వరి, పసుపు పండించే ఊళ్లు. ప్రతి ఇంటి ముందూ తుప్పుపట్టిన ట్రాక్టర్ ట్రాలీ ఉంటుంది. ఒక్క రోజులో ట్రాలీని ఊది, రంగు వేసి ఇవ్వాలన్నది అతని ఆలోచన.

"ఒక్క దినంలనే ఎందుకన్నా, రెండు దినాలు తీసుకో" అన్నాను, ఏదో సలహా ఇస్తున్నట్టు.

"గట్ల కుదరది సార్. ఊదిన ఇనుము పచ్చి పుండు లెక్క. పొద్దున ఊదితే మాపటికి రంగు పడాలె. తెల్లారిందంటే మళ్ల ఎర్రవడతది. చేసిన పనంత బూడిదల పోసినట్టే."

అతనికి నిమిషానికి ఇరవై ఐదు ఘనపుటడుగుల గాలి కావాలి. సీఎఫ్ఎం అంటాం దాన్ని. నేను ఏడున్నర హార్స్‌పవర్ మిషన్ చూపించాను. పలక మీద ఇరవై ఎనిమిది అని ఉంది. "మూడు ఎక్కువనే ఉన్నయి. ఇగ నీకు తిరుగులేదు" అన్నాను.

అతను వంగి పలకను చాలాసేపు చూశాడు. వేలితో తుడిచి మళ్లీ చూశాడు. తర్వాత అడిగాడు: "సార్, అక్కడ మా కంపెనీల మిషిన్ల మీద రెండు లెక్కలు ఉంటుండె. ఒకటి గుంజుకునే గాలి, ఒకటి ఇచ్చే గాలి. దీని మీద ఒక్కటే ఉన్నది. గిది ఏది?"

నాకు తెలియదు. అంతే నిజం. తెలియదు, చూసి చెప్తాను అంటే నా టక్ ఊడిపోయేది కాదు. కొట్టులో ఇంకో నలుగురు ఉన్నారు, సేటు ఉన్నాడు. నేను నవ్వాను.

"గుంజుకున్న గాలి యాడికి పోతదన్నా? లోపలికి పోయిందే గద బయటికి వచ్చేది. రెండూ ఒకటే."

అందరూ నవ్వారు. అతను కూడా నవ్వాడు. కొంచెం సిగ్గుపడి "గంతే గద, మీరు సదువుకున్నోళ్లు" అన్నాడు. బేరం కుదిరింది. మర్నాడు పదింటికి ట్రాలీ ఆటో తెస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు అతను రాకముందు, ఎందుకో మనసు ఆగక, అలమరలోంచి ఆ మిషన్ పుస్తకం తీశాను. నాలుగో పేజీలో పట్టిక కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. పైన ఇచ్చిన అంకె పిస్టన్ ఊడ్చే పరిమాణం, ఇచ్చే గాలి కాదు. పిస్టన్ ఒకసారి కిందికి జరిగితే ఎంత చోటు ఖాళీ అవుతుందో, నిమిషానికి అలాంటివి ఎన్నో లెక్కకట్టి పలక మీద వేశారు. కానీ ఆ చోటంతా గాలి నిండదు. వేడికి గాలి పలచబడుతుంది. వాల్వుల దగ్గర కొంత వెనక్కి జారుతుంది. పిస్టన్ పైకి పోయినా మూలన కొంత మిగిలిపోతుంది. నిండుగా ముంచిన బిందె ఇల్లు చేరేసరికి ఒలికిపోయినట్టు, మూడింట ఒక వంతు దాకా దారిలోనే పోతుంది. దీన్నే వాల్యూమెట్రిక్ ఎఫిషియెన్సీ పేరుతో పరీక్షలో ఎనిమిది మార్కులకు రాశాను. సూత్రం కింద గీత గీసి మరీ రాశాను. ఎనిమిదికి ఏడు వచ్చాయి. అతను అడిగింది ఆ ప్రశ్నే అని నాకు తట్టలేదు. ఏడో తరగతి చదివిన మనిషి, నా పాఠాన్ని నాకంటే శుభ్రమైన తెలుగులో అడిగాడు.

పుస్తకం ఇంకా చేతిలో ఉండగానే ఆటో వచ్చి ఆగింది. అతనితో అతని భార్య కూడా వచ్చింది. సంచిలోంచి కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, నిమ్మకాయలు తీసింది. హమాలీలు మిషన్ ఎక్కించారు. అప్పటికీ చెప్పడానికి వీలుంది. "ఆగన్నా, ఇది నీకు సరిపోదు, పది హార్స్‌పవర్‌ది తీసుకో" అంటే పది నిమిషాల పని. కానీ నిన్న నవ్వించిన నలుగురిలో ఇద్దరు ఆ రోజు కూడా అక్కడే ఉన్నారు. నేను పుస్తకాన్ని అలమరలో పెట్టేశాను.

"సార్, మీ చేతులతోటి బొట్టు వెట్టుండ్రి" అన్నాడు అతను. "సదువుకున్నోళ్ల చెయ్యి మంచిగుంటది."

కుంకుమలో వేలు ముంచాను. టాంకీ అంత పెద్దది ఉంది, మోటారు ఉంది, ఎక్కడైనా పెట్టొచ్చు. నా వేలు పోయి పలక మీదే ఆనింది, సరిగ్గా ఇరవై ఎనిమిది మీద. తడి కుంకుమ కింద అంకె కనబడకుండా పోయింది. వాళ్లిద్దరూ దండం పెట్టుకున్నారు.

నెలన్నర తర్వాత ఫోన్ చేశాడు. గొంతులో కోపం లేదు. "గాలి ఆగుతలేదు సార్. కాసేపు మంచిగ కొడుతది, మళ్ల నీరసపడుతది. ఒకసారి అచ్చి చూస్తరా?" సేటు పొమ్మన్నాడు. కోరుట్ల బస్సెక్కాను. దారి పొడుగునా, ఏం చెప్పి బయటపడాలా అనే ఆలోచించాను. నిజం చెప్పాలా వద్దా అని ఆలోచించలేదు. దానికి సమాధానం నాలో ఎప్పుడో తేలిపోయినట్టుంది.

షెడ్డు ముందు ఒక ట్రాలీ ఉంది. సగం దాకా ఊది రంగు వేశాడు. మిగతా సగం ముందురోజు పొద్దుగూకేలోపు ఊదాడు గానీ రంగు వేసే టైము దొరకలేదు. తెల్లారేసరికి ఆ సగం మీద లేత ఎరుపు పొర. చెయ్యి పెడితే వేళ్లకు అంటుకుంది. గాలి పడిపోయినప్పుడల్లా గన్ను ఆపి, టాంకీ నిండేదాకా కూర్చోవాల్సి వస్తోంది. పొద్దుటి నుంచి మాపటి దాకా చాలా టైము కూర్చోవడానికే పోతోంది. ఆ ట్రాలీ రైతు ఇప్పటికే రెండుసార్లు వచ్చి తిట్టి పోయాడట. ఇంకో ఇద్దరు ఇస్తామన్న ట్రాలీలు ఇవ్వకుండా ఆగారట.

అతని భార్య చాయ తెచ్చింది. గ్లాసు నా చేతికిచ్చి అక్కడే నిలబడింది.

"తమ్మీ, జర మంచిగ చూడు" అంది. "ఈయిన పాస్‌పోర్టు నేను పెట్టెల వేసి తాళం పెట్టిన. పద్నాలుగేండ్లు ఫోన్లనే సంసారం జేసినం. గీ మిషిన్ నడిస్తేనే ఈయిన ఇక్కడ ఉంటడు. నడవకపోతే నా తాళం ఏం పనికొస్తది."

నేను చాయ తాగాను. బాగుందని కూడా చెప్పాను.

"నేను ఒక లెక్క జేసిన సార్" అన్నాడు అతను. "అక్కడ మా ఫోర్‌మన్ నేర్పిండు. టాంకి రెండు వందల యాభై లీటర్లది. ముల్లు ఏడు మీద నిలబడ్డదంటే గసొంటి ఏడు టాంకీల గాలి లోపట కుక్కినట్టు. అంటే అరవై రెండు ఘనపు అడుగులు. మీరు చెప్పిన ఇరవై ఎనిమిది నిజమైతే రెండుంబావు నిమిషాలకు నిండాలె. నా లెక్కల గట్ల అస్తలేదు. నేను దెబ్బల లెక్క పెడుత, మీరు ఫోన్ల టైము పట్టుండ్రి. రెండూ కలిస్తే ఇగ మాటే లేదు."

"దెబ్బల లెక్కేంది?" అని అడిగాను, తెలియనట్టు.

"పెండ్లికి ముందు సిరిసిల్లల సాంచాలు నడిపిన సార్. ఎన్మిదేండ్లు. గా చప్పుడు చెవులకెళ్లి పోలేదు. నిమిషానికి నూట ఇరవై. గడియారం తప్పుతదేమో గని గది తప్పది."

మాది కూడా సిరిసిల్లే అని అనలేదు. అతను టాంకీ ఖాళీ చేశాడు, వాల్వు మూశాడు, స్విచ్ వేశాడు. నేను ఫోన్‌లో టైము మొదలుపెట్టాను. అతను ముల్లు వైపు చూస్తూ పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. నూరు దెబ్బలకు ఒక వేలు ముడిచాడు. రెండో వేలు ముడిచాడు. రెండు వందల డెబ్బై దగ్గర, అంటే రెండుంబావు నిమిషాల దగ్గర, ముల్లు ఐదు మీదికి కూడా రాలేదు. మూడో వేలు ముడిచాడు. ముల్లు ఏడును తాకగానే చెయ్యెత్తాడు.

"మూడు వందల తొంబై. అంటే మూడుంబావు నిమిషాలు" అన్నాడు. "మీకెంత వచ్చింది సార్?"

ఫోన్‌లో మూడు నిమిషాల పదిహేను సెకన్లు ఉంది. అంటే మిషన్ నిమిషానికి ఇచ్చేది పంతొమ్మిది అడుగులే. ఆ మనిషి నోటి లెక్కకూ నా ఫోన్‌కూ ఒక్క సెకను తేడా లేదు. నేను ఫోన్‌ను జేబులో వేసుకున్నాను.

"రెండు నిమిషాల పదిహేను" అన్నాను.

ఒక్క నిమిషం. అంత తేలికగా తీసేశాను.

అతను తన చేతి వైపు చూసుకున్నాడు. మూడు వేళ్లూ ఇంకా ముడిచే ఉన్నాయి. అతని భార్య నా వైపు చూసింది. నేను ఆగలేదు. అబద్ధం చెప్పినవాడికి మాటలు ఎక్కువవుతాయి. పైపు పొడుగైందన్నాను, నాజిల్ అరిగిందన్నాను, కరెంటు వోల్టేజీ అన్నాను. చివరికి "సాంచాల లెక్క మిషిన్లకు పనికిరాదన్నా. గది పాత కాలంది" అని కూడా అన్నాను. మా నాన్న బతుకంతా ఆ లెక్కమీదే నడిచింది. మా అమ్మ నాకు కాలం నేర్పింది ఆ లెక్కలోనే. దాన్ని పనికిరాదన్నాను, నా ఉద్యోగం సాయంత్రం దాకా నిలబడటం కోసం.

"గట్లనా" అన్నాడు అతను. బస్సు దాకా నన్ను బండి మీద దింపి వెళ్లాడు.

ఓ వారం తర్వాత కొట్టుకు వచ్చాడు. నేరుగా సేటు దగ్గర నిలబడ్డాడు. మిషన్ మార్చి పెద్దది ఇవ్వడానికి వీలవుతుందా అని అడిగాడు. సేటు నన్ను పిలిచాడు.

"నువ్వు పోయి చూసినవు గద. ఎట్లున్నది మిషిన్?"

ఇది ఇంకో అవకాశం. దేవుడెవరైనా ఉంటే నాకు కావాలనే ఇచ్చిన అవకాశం. "మంచిగనే ఉంది సేట్. నేనే టైము పట్టిన. రెండు నిమిషాల పదిహేనుకు నిండింది" అన్నాను.

అతను నా ముఖంలోకి చూశాడు. నేను గోడ మీది క్యాలెండర్ చూశాను. కాసేపు దాని మీది తేదీలే చదివాను. తర్వాత అతను సేటుతో, "సారు చెప్పినంక ఇంకేమున్నది" అన్నాడు. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి, తగ్గు గొంతుతో అన్నాడు: "సారూ, మీ ఫోను ఒకసారి చూపించుకోండ్రి. టైము తప్పు నడుస్తున్నట్టున్నది."

నిజంగా చెప్తున్నాను, అప్పుడు నాకు వచ్చింది సిగ్గు కాదు, ఊరట. పైగా జాలి కూడా కలిగింది. ఎంత అమాయకుడు, ఫోన్ తప్పు నడిచిందనుకుంటున్నాడు పాపం అనుకున్నాను. ఆ జాలి గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. మూడు నెలలకు అతను మళ్లీ గల్ఫ్ పోయాడని, కోరుట్ల నుంచి వచ్చిన ఒక మెకానిక్ మాటల్లో తెలిసింది.

ఆ తర్వాతే కొట్టులో ఈ పరీక్ష మొదలుపెట్టాను. ఒకరికి చెప్పని నిజాన్ని వందమందికి చెప్తే చెల్లిపోతుందనుకున్నానేమో. మూడేళ్లు అలాగే గడిపాను. ఎవరూ ఏమీ అనకపోతే ఇంకో పదేళ్లయినా గడిపేవాణ్ణి. ఆ పెద్దాయన భుజం తట్టి ఇమాందారు అన్న తర్వాతి ఆదివారం, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా కోరుట్ల బస్సెక్కాను.

షెడ్డు తలుపుకు తాళం ఉంది. పక్కనే ఇల్లు. ఆమె నన్ను గుర్తుపట్టింది. లోపలికి రమ్మనలేదు. అరుగు మీద కుర్చీ వేసింది. కాసేపటికి చాయ మాత్రం తెచ్చింది. నేను గ్లాసు పట్టుకుని, రిహార్సల్ చేసుకున్న మాటలన్నీ మర్చిపోయి, "అక్కా, ఆ దినం నేను అబద్ధం చెప్పిన" అన్నాను.

"ఎరుకే" అంది ఆమె. "మర్నాడే నా ఫోను పెట్టి మళ్ల చూసిండు. ఒకసారి గాదు, నాలుగుసార్లు. మూడు నిమిషాల పదిహేను. నాలుగుసార్లు గంతే."

అంటే సేటు ముందు నిలబడిన రోజు అతనికి అంతా తెలుసు. నేను క్యాలెండర్ చూస్తూ నిలబడ్డ ఆ కాసేపూ, నోరు తెరవాలా వద్దా అని తేల్చుకున్నది అతను. నా చేతిలో గ్లాసు ఒరిగి చాయ ప్యాంటు మీద ఒలికింది. ఆమె చూసింది. తుడుచుకోవడానికి బట్ట ఇవ్వలేదు.

"పెట్టె తాళం నేనే తీసిన" అంది. "ఆయిన అడుగలేదు. అడగకుండనే తీసిచ్చిన."

ఆ వారం గల్ఫ్‌లో అతనికి రాత్రి డ్యూటీ, పగలు గదిలోనే ఉంటాడు. ఆమె వీడియో కాల్ చేసి, "జగిత్యాల సారు అచ్చిండు" అని ఫోన్ నాకిచ్చింది. అతను కొంచెం చిక్కాడు. వెనక గోడకు ఒకదాని మీద ఒకటి మంచాలు. నన్ను చూడగానే "మంచిగున్నరా సార్" అన్నాడు. ఆ సార్ అన్న పిలుపు చెవిలో పడగానే చచ్చిపోవాలనిపించింది.

"అన్నా, నీకు ఎరుకుండి కూడ సేటుకు ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను. క్షమించమని అడగాల్సినవాణ్ణి, ఇంకా సంజాయిషీ అడుగుతున్నాను.

"ఇనుప రవ్వ తాకిన మిషిన్‌ను ఎవలు వాపసు తీసుకుంటరు సార్? సేటు తీసుకోడు. గది నాకు ముందుగాలనే ఎరుక, ఊకెనే ఒక మాట అడిగి చూద్దామని అచ్చిన" అన్నాడు. "ఇంకోటి, ఆ దినం షెడ్డుల నేను లెక్కపెడుతుంటే మీ కాలు చూసిన. మడమ ఆడుతుండె. నా నోట్లె దెబ్బ వడ్డప్పుడు మీ మడమ వడుతుండె. నేను చెయ్యెత్తినంక గదీ ఆగింది. సాంచాల ఇంట్ల పుట్టినోళ్లకు తప్ప గట్ల ఆడది. సాంచాలోళ్ల పిల్లగాడు కుర్సీల కూసున్నడు, నేను నోరు తెరిస్తే దింపుతరు, గనుక తెరువలేదు. నా పని ఎట్లాగు పాయె."

బెత్తం దెబ్బతో ఆపేశాననుకున్న కాలు, ఆ రోజు నా నోటికంటే ముందు నిజం చెప్పేసింది. అతను దాన్ని విన్నాడు. విని, నన్ను నా సేటు నుంచి కాపాడాడు.

"సాంచాలోళ్లమే అన్నా. మాది సిరిసిల్ల" అన్నాను. జగిత్యాలకు వచ్చాక ఒక మనిషితో ఆ మాట అనడం అదే మొదటిసారి.

"ఎరుకే" అని నవ్వాడు. తర్వాత, "గా మిషిన్ షెడ్డులనే ఉన్నది సార్. తుప్పు పట్టిపోతది. ఎవలకన్న చిన్న పనికి అక్కరుంటే ఇయ్యిండ్రి. గని ఇచ్చేటప్పుడు ఇరవై ఎనిమిది గాదు, పంతొమ్మిదే ఇస్తదని చెప్పి ఇయ్యిండ్రి" అన్నాడు. ఎవరో పిలిచినట్టున్నారు, మళ్లీ మాట్లాడుతానని పెట్టేశాడు.

ఆమె షెడ్డు తాళం తీసింది. మిషన్ మీద పాత గోనెసంచులు కప్పి ఉన్నాయి. పక్కకు జరిపాను. పలక మీద నేను పెట్టిన బొట్టు ఎండి నల్లబడి, ఇంకా అక్కడక్కడ అంటుకునే ఉంది. గోటితో గీకితే కింద ఇరవై ఎనిమిది కనబడింది.

"ఏమన్నడు?" అని ఆమె నా వెనక నుంచి అడిగింది.

"ఇది ఎవరికన్న ఇస్తే, పంతొమ్మిదే ఇస్తదని చెప్పి ఇయ్యమన్నడు."

ఆమె గోనెసంచిని మళ్లీ మిషన్ మీదికి లాగింది. అరుగు మీది ఖాళీ గ్లాసు తీసుకుంది.

"గదే మాట ఆ దినం నువ్వు చెప్తే అయిపోతుండె గద తమ్మీ" అంది.